ఏ సీమ కారము సరియైన కారము?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా పామూరు ప్రజలకు పుస్తకములను, పత్రికలను అందించుచున్న ఈ గ్రంథాలయమునకు ముందుగా నా నమస్సులు. ఇట్టి సభలలో పురాణమును గూర్చియో, కావ్యమును గూర్చియో మాటలాడుట ఆచారము. నేను కారమును గూర్చి మాటలాడెదనని కార్యదర్శిగారితో చెప్పినప్పుడు వారు నవ్విరి. మీలోను కొందరు నవ్వుచున్నారు. ఈ ఉదయము కావ్యము చదివి వచ్చినవారు ఈ సభలో ఎందరున్నారో నేనెరుగను. కారము తినకుండ వచ్చినవారు మాత్రము ఒక్కరును ఉండరని చెప్పగలను. పదిమంది నిత్యము అనుభవించు వస్తువును గూర్చి పదిమందిలో విచారించుట తప్పు కాదని తలచి ఈ విషయమును ఎన్నుకొంటిని.

కారమును గూర్చి మన ఇండ్లలో ఒక పాత తగవు కలదు. పెండ్లియిండ్లలో వియ్యాలవారి విస్తళ్ల కడ అది తప్పక బయటపడును. "మా వైపు ఇట్లా చెయ్యరమ్మా" అని ఒకరందురు. "మీ వైపు చేసేది కారమే కాదు" అని మరియొకరందురు. ఏ సీమవారి కారము సరియైనది? ఈ ప్రశ్ననే నేడు మీ యెదుట ఉంచుచున్నాను.

ఈ ప్రశ్నకు మన పామూరు తగిన చోటు. ఇచ్చటినుండి దక్షిణమునకు పోయినచో ఉదయగిరి. అది నెల్లూరు సీమ. పడమటికి చంద్రశేఖరపురము మీదుగా పోయి వెలికొండలు దాటినచో కడప సీమ. ఉత్తరమునకు కనిగిరి, పొదిలి దాటినచో మార్కాపురము, అటనుండి నైరుతిగా గిద్దలూరు. ఈ రెండు తాలూకాలును 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఒంగోలు, అద్దంకి ప్రాంతములు నాటికి గుంటూరు జిల్లాలోనివి. మన కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. 1970 ఫిబ్రవరిలో ఈ మూడు జిల్లాలనుండి కొంత కొంత భాగము తీసి ఒంగోలు జిల్లాను ఏర్పరచిరి. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. సర్కారు కాగితముమీద జిల్లాలు ఒక్క దినమున కలిసినవి. వంటయిండ్లలో మాత్రము అంతకు పూర్వమే కలియుచుండెను. మన కోడండ్రు నాలుగు దిక్కులనుండి వచ్చినవారు. ఒక్కొక్కరు తమ పుట్టినింటి కారమును వెంట తెచ్చుకొనిరి.

మొదట మిరపకాయ సంగతి చెప్పెదను. ఇది మన దేశపు పంట కాదు. దీని జన్మభూమి అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ ఖండమునకు చేరిన తరువాతనే తక్కిన ప్రపంచమునకు మిరపకాయ తెలిసినది. 1498లో వాస్కోడిగామా కోళిక్కోడు చేరిన పిమ్మట, పోర్చుగీసువారి ఓడల మీద అది మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన పెద్దలు కారమునకు వాడినవి మిరియములు, పిప్పళ్లు, అల్లము, ఆవాలు. పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు చాటువులు చెప్పినాడని వాడుక. ఆయన తిన్న జొన్నకూటిలో మిరపకాయ లేదు. పరదేశమునుండి వచ్చిన ఈ కాయకు మనవారు మిరియమును పోలిన పేరు పెట్టి ఇంటిదానిగా చేసికొనిరి. కనుక ఏ సీమవారును "ఆదినుండి మా పద్ధతి ఇదే" అని చెప్పుటకు వీలులేదు. అందరును అయిదు వందల ఏండ్లలోపుననే నేర్చుకొన్నవారు.

ఇక ఒక్కొక్క సీమను చూతము.

గుంటూరు, కృష్ణా ప్రాంతములలో పండుమిరపకాయ ప్రధానము. తోటలో ఎర్రగా పండిన కాయలను కడిగి, తడి ఆరనిచ్చి, తొడిమలు తీసి, ఉప్పు, పసుపు వేసి రోట దంచి, నడుమ చింతపండు పెట్టి జాడీకెత్తుదురు. మూడవనాడు తీసి మరల రుబ్బుదురు. కావలసినప్పుడు కొంత తీసి, మెంతిపొడి, వెల్లుల్లి కలిపి, నూనెతో పోపు పెట్టుదురు. దీనినే కొన్నిచోట్ల కొరివికారమందురు. కొరివివలె మండును గనుక ఆ పేరు తగియున్నది. గోంగూరతో కలిపి నూరుటయు గుంటూరువారి అలవాటే. ఏడాదికి సరిపడు కూరకారమును వేసవిలో ఒక్కసారిగా కొట్టించుకొందురు. ఎండుమిరపకాయలతోపాటు వేయించిన ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి చేర్చి, పురుగు పట్టకుండ కొంచెము ఆముదము పట్టించి నిలువచేయుట అనేక గృహములలో కలదు. దీనిని సంబారుకారమందురు.

నెల్లూరునుండి చిత్తూరు వరకు, కడపలోను, ఉల్లిపాయ ఎర్రగడ్డ యగును. వెల్లుల్లి తెల్లగడ్డ యగును. ఎండుమిరపకాయలను నానవేసి, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు చేర్చి మెత్తగా నూరినది ఎర్రకారము. దానిని దోసెమీద పూసి తినుట ఈ సీమలలో ప్రసిద్ధము. ఇది నిలువయుండు వస్తువు కాదు. ఆనాడు నూరి ఆనాడు తినవలయును.

రాయలసీమలో సంగటి ప్రధానాహారముగా నుండెను. రాగిసంగటి ముద్దను నమలరు, మ్రింగుదురు. దానిని జారవిడుచుటకు చిక్కని, నూనెగల పచ్చడి కావలయును. అందుచేత వేయించిన వేరుశనగ గింజలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు చేర్చి నూరిన ఊరుబిండి అచ్చట పుట్టినది. ఆ గింజలకే ఒకచోట చెనిక్కాయలని, కర్నూలు, అనంతపురములలో బుడ్డలని, తెలంగాణమున పల్లీలని పేర్లు.

తెలంగాణమున జొన్నరొట్టెకు ఎల్లిగడ్డ కారము తోడు. మిరపపొడి, ఉప్పు, జీలకర్ర, ఎల్లిగడ్డ కలిపి దంచిన ఆ ముద్దను రొట్టెమీద పెట్టుకొని తిందురు. నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి చేర్చి చేసిన పొడులును అచ్చట విస్తారము. వరంగల్లు ప్రాంతమున చపాట యను పొట్టి, లావు మిరపకాయ పండును. దానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, పచ్చళ్లకు వాడుదురు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. గుంటూరు సన్నమునకును, కర్ణాటకములోని బ్యాడగి మిరపకాయకును అంతకు మునుపే ఆ గుర్తింపు కలదు.

గోదావరి తీరమున పులుసులో బెల్లము వేయుదురు. కారమును తీపితో మెత్తపరతురు. అచ్చటను, ఉత్తరాంధ్రములోను ఆవపెట్టిన కూర యను పద్ధతి నేటికిని నిలిచియున్నది. మిరపకాయ రాకముందు మన వంటకు ఘాటు నిచ్చిన ఆవాలు అచ్చట తమ స్థానమును వదలుకొనలేదు. చెన్నపట్నమందలి తెలుగువారు ఇడ్డెనలకు మినపప్పు, శనగపప్పు, మిరపకాయలు వేయించి కొట్టిన పొడిని నువ్వులనూనెతో తిందురు. దానికి అరవపేరు కలిపి మొళగాపొడి యందురు.

ఈ భేదములకు కారణమేమి? రుచి మనస్సునకు సంబంధించినదని చెప్పి ఊరకుండవచ్చును. కొంచెము పరిశీలించినచో మరికొన్ని కారణములు కనబడును. వరియన్నము తినుచోట పొడి చెల్లును. నేయి వేసి కలుపుకొనవచ్చును. సంగటి తినుచోట ముద్దగానున్న పచ్చడి కావలయును. రొట్టె తినుచోట గట్టి కారము చాలును. పండుమిరపకాయ పచ్చడి పెట్టవలెనన్న పండ్లు తోటనుండి తాజాగా రావలయును, ఉప్పు, చింతపండు విరివిగా నుండవలయును, జాడీలుంచుటకు ఇల్లుండవలయును. కూలికి పోవువారికి అవి యెక్కడివి? వారు నాలుగు ఎండుమిరపకాయలు, ఉప్పుకల్లు, దొరికినచో ఒక ఉల్లిపాయ కలిపి దంచుకొనిరి. అది గొడ్డుకారము. సద్దిమూటలో కట్టుకొని పొలమునకు పోయినచో మధ్యాహ్నమునకు చెడిపోదు. ఒక ముద్దకు కొంచెము చాలును. కాబట్టి కారములో సీమభేదమేగాక కలిమిలేముల భేదమును కలదు. గొడ్డుకారమును నవ్వువారు ఆ సంగతి జ్ఞాపకముంచుకొనవలయును.

మజ్జిగ మిరపకాయల నెత్తుకొనుడు. పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో నానవేసి, పగలు ఎండబెట్టి, రాత్రి మరల ఆ మజ్జిగలోనే వేసి, మజ్జిగ ఇంకిపోవువరకు అట్లు చేయుదురు. కొందరు వీనిని చల్లమిరపకాయలని, కొందరు ఊరమిరపకాయలని అందురు. పాడి, ఎండ రెండును గల ఇంటివారు కనిపెట్టిన పద్ధతి యిది. మన పడమటి మెట్టలలో ఎండకు కొదువ లేదు.

శాస్త్రజ్ఞులు చెప్పిన సంగతి కొంచెము వినుడు. మిరపకాయలోని ఘాటునకు కాప్సైసిన్ అను పదార్థము కారణము. అది గింజలలో నున్నదని మనమనుకొందుము. నిజమునకు గింజలు అంటుకొనియుండు తెల్లని పొరలో అది అధికము. నీటిలో అది కరగదు, నూనెలో కరగును. కారమునకు నేయి, నూనె, వేరుశనగ, నువ్వులు తోడు చేయుట, నోరు మండినప్పుడు నీటికంటె పెరుగు, మజ్జిగ పనిచేయుట ఇందువలననే. వేడిని గుర్తించు నరములనే ఈ పదార్థము తట్టిలేపునని కనుగొన్న డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునకు 2021లో నోబెల్ బహుమానము మరియొకరితో కలిపి ఇచ్చిరి. మన భాషలో నిప్పునకును మంటయే, మిరపకాయకును మంటయే. హంగరీ దేశమున సెంట్ జార్జి అను శాస్త్రజ్ఞుడు అచ్చటి ఎర్రమిరపకాయలనుండి సి విటమినును విస్తారముగా తీసెను. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము లభించినది.

మన తగవు మనకే ప్రత్యేకమని తలచవద్దు. మిరపకాయ పుట్టిన ఖండములోను ఇదే తగవు కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిరపకాయలు, మాంసము కలిపి ఉడికించు ఒక వంటకమునకు చిల్లీ యనియే పేరు. టెక్సాసువారు దానిలో చిక్కుడుగింజలు వేయరాదందురు. ఇతరులు వేయవలెనందురు. సిన్సినాటి నగరమున దానిని సేమియావంటి పిండిదారములపై పోసికొని తిందురు. 1967లో టెక్సాసులోని టెర్లింగ్వా అను చిన్న ఊరిలో, ఎవరి చిల్లీ మేలో తేల్చుటకు పందెము పెట్టిరి. ఆ పందెము సమముగా ముగిసినది. తగవు నేటికిని తీరలేదు. ఆ ఊరిలో ఏటేట పందెము మాత్రము జరుగుచున్నది. అంతటి ధనిక దేశమువారు తేల్చలేని దానిని మన వియ్యాలవారు భోజనముల వేళ తేల్చగలరా?

ఇంతవరకు చెప్పినది వినుటకు వేడుకగా నుండును. ఇప్పుడు చెప్పబోవునది మా ఇంటి సంగతి. ఈ విషయము నా మనస్సున నాటుకొనుటకు కారణము అదియే గనుక చెప్పుచున్నాను.

మా తల్లి పుట్టినిల్లు ఉదయగిరి వైపు. ఆమె కాపురమునకు వచ్చినది మార్కాపురము వైపు. మొదటి ఏడు పుట్టింటివారు ఒక కుండెడు సంబారుకారము కొట్టించి పంపిరి. ఆమె దానితో వంకాయకూర వండి వడ్డించినది. మా నాయనమ్మ ఒక్క ముద్ద నోట పెట్టి, "ఇదేం కారమమ్మా, మందు వాసన కొడతా ఉంది" అని విస్తరి ప్రక్కకు నెట్టినదట. మెంతులు, ఆముదము ఆ యింటి కారములో అలవాటు లేదు. అత్తగారు చెడ్డ మనిషి కాదు. తన నాలుకకు తోచినది చెప్పినది. మా తల్లి ఆ కుండను అటకమీదికెక్కించినది. తరువాత అందులోని కారము ఏమైనదో ఎవరును అడుగలేదు. నాటినుండి ఆమె అత్తవారింటి పద్ధతినే కారము కొట్టినది. ఆ చేతి కారమునే మేమందరము "అమ్మ కారము" అని పొగడుచు పెరిగితిమి. అది ఆమెది కాదని మాకు తెలియదు.

నలుబది సంవత్సరములు గడచినవి. నా కుమార్తె ఒకనాడు ఆమె ప్రక్కన కూర్చుండి, "అవ్వా, మీ అమ్మోళ్ల ఇంట్లో కారం ఎట్టా కొట్టేవాళ్లు?" అని అడిగినది. నా తల్లి ముఖము వెలిగినది. "ధనియాలు, మెంతులు దోరగా వేయించి..." అని మొదలుపెట్టినది. "ధనియాలెన్ని? మెంతులెన్ని?" అని పిల్ల అడిగినది. ఆమె చేతిని చాచి, దోసిలి పట్టి, వ్రేళ్లు ముడిచి, తెరచి, చాలసేపు చూచుకొన్నది. చివరకు, "చేతికి తెలిసేదమ్మా, నోటికి తెలీదు. ఇప్పుడు చెయ్యి కూడా మరిచిపొయ్యింది" అన్నది. ఆమె తోబుట్టువులలో నాటికి ఎవరును జీవించి లేరు. ఆ యింటి కారము ఆమె చేతిలోనే ముగిసినది.

సభాసదులారా, ఇందులో తప్పెవరిదని నేను అడుగుట లేదు. మా నాయనమ్మ అన్న ఆ ఒక్క మాట ఆనాడు ఎంత తేలికగా నోట వచ్చినదో, నేడు మన ఇండ్లలోను అంత తేలికగానే వచ్చుచున్నది. "మా వైపు ఇట్లా చెయ్యరు" అనుమాట కోడలికి వినిపించు తీరు వేరు. ఆమె విడిచి వచ్చిన తల్లిని, ఊరిని, బాల్యమును కలిపి కాదన్నట్లు ఆమెకు వినిపించును. కారము సంగతి చిన్నదేయైనను, దానివెనుకనున్న మనిషి చిన్నది కాదు.

ఇప్పుడు కాలము మారినది. రోకళ్లు మూలబడినవి. మిరపకాయలను మరలో ఆడించుచున్నాము. పట్టణములలోవారు పొట్లములు కొనుచున్నారు. దీనిని నేను నిందింపను. మండుటెండలో కారము దంచిన స్త్రీల చేతుల మంట, కండ్ల మంట, తుమ్ములు, దగ్గులు ఎరిగినవారెవ్వరును ఆ శ్రమ మరల రావలెనని కోరరు. అయినను పొట్లము కొనువారు రెండు సంగతులు గమనింపవలయును. మొదటిది, కల్తీ. మిరపపొడిలో ఎర్రని పారిశ్రామిక రంగులు కలిపినట్లు తేలగా 2003లోను, 2005లోను ఐరోపా దేశములలో అంగళ్లనుండి అనేక ఆహారపదార్థములను వెనుకకు తీసికొనవలసివచ్చినది. కాయలుగా కొని, మన కన్నులయెదుట ఆడించుకొన్నచో ఈ భయము తగ్గును. తడి ఆరని కాయలను మట్టినేలమీద ఆరబోసినచో విషపుబూజు పట్టును గనుక, శుభ్రమైన పట్టాలమీద ఎండబెట్టిన కాయలనే కొనుట మేలు. రెండవది, రుచి. పదివేల ఇండ్లకు ఒక్క పొట్లము వచ్చినప్పుడు ఆ ఇండ్లన్నిటి కారము ఒక్కటే యగును. అప్పుడు వియ్యాలవారికి తగవు ఉండదు నిజమే. చెప్పుకొనుటకు తమదన్నది కూడ ఉండదు.

ఇందుకు గ్రంథాలయము చేయగలదేమి? వంటల పుస్తకములు మనకు లేకపోలేదు. మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు' ఎన్ని ఇండ్లలో చినిగిపోవువరకు వాడబడినదో మీరెరుగుదురు. అట్టి పుస్తకము లోకమంతటికి ఒక మార్గము చూపును. పామూరులో ఏ వీధిలో, ఏ యింటిలో, ఏ ఊరినుండి వచ్చిన కోడలు కారము ఎట్లు కొట్టునో అందులో ఉండదు. అది మనమే వ్రాసికొనవలయును.

కావున కార్యవర్గమువారికి ఒక మనవి. ఈ రజతోత్సవమునకు గుర్తుగా ఒక లావుపాటి తెల్లకాగితముల పుస్తకమును బీరువాలో ఉంచుడు. దానికి కారముల పుస్తకమని పేరు పెట్టుడు. ఊరిలోని ప్రతి ఇంటినుండి ఒక పుట వ్రాయింపుడు. వ్రాయలేని పెద్దలు చెప్పగా బడిపిల్లలు వ్రాసిపెట్టుదురు. అందులో నాలుగు సంగతులు ఉండిన చాలును: చేయువారి పుట్టినిల్లు ఏ ఊరు, ఎవరివద్ద నేర్చిరి, ఏ ఏ వస్తువులు ఎంతెంత, ఏ నెలలో చేయుదురు. "దోసెడు", "చిటికెడు" అని చెప్పినచో ఆ దోసెడు తవ్వలోనో, తక్కెడలోనో కొలిచి వ్రాయుడు. చేయి ఉన్నప్పుడే ఆ చేతి కొలత తీసికొనవలయును. గొడ్డుకారమునకును ఒక పుట ఉండవలయును. కులము, కలిమి చూచి పుటలు పంచరాదు.

మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పి విరమించెదను. ఏ ధాన్యము తినుచు, ఏ ఎండలో, ఏ పనిచేయుచు బ్రతికిరో, దానికి తగిన కారమును ఆయా సీమలవారు చేసికొనిరి. ఆ లెక్కన ప్రతి సీమ కారమును సరియైనదే. ఇక మన ఇంటికి క్రొత్తగా వచ్చిన పిల్ల తన పుట్టినింటి కారము వడ్డించినప్పుడు, ముందు రెండు ముద్దలు తినుడు. తరువాత, "ఇది మీ అమ్మ ఎట్లా చేస్తుందమ్మా?" అని అడుగుడు. ఆమె చెప్పినది వ్రాసికొని ఈ గ్రంథాలయమునకు పంపుడు.

నా తల్లి పేరిట ఆ పుస్తకములో మొదటి పుటను ఖాళీగా విడువవలసినదిగా కోరుచున్నాను. పుట్టినిల్లు ఉదయగిరి వైపు అని మాత్రము నేను వ్రాసెదను. తక్కిన పుటలు మీరు నింపవలయును.